చేతి వాతావరణ మీటరు: లెక్క పక్కా, ఎండలో మాత్రం ఓ కన్నేసి ఉంచాలి

కొనొచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను: కొనొచ్చు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి ఎంత పలచగా ఉందో ఎత్తు రూపంలో చెప్పే అంకె) లెక్క ఈ మీటరు తప్పు చెయ్యదు. కాగితం మీద చేత్తో వేసిన లెక్కతో ఎప్పుడు పోల్చినా పది ఇరవై అడుగుల కంటే ఎక్కువ తేడా రాలేదు. గొడవంతా లెక్కకు ముందే ఉంది. దీన్ని ఎండలో విమానం రెక్క మీద పడేసి, కాసేపాగి వచ్చి తెర మీది అంకె చదివితే అది అబద్ధమే చెబుతుంది. అదీ చివరి అడుగు దాకా లెక్కగట్టి మరీ చెబుతుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా మీటర్లు ఒకటి కంటే ఎక్కువే నా చేతుల్లోకి వచ్చాయి. లోపలి సెన్సర్లు ఇంచుమించు ఒకే రకం, పెట్టే ఇబ్బందులూ ఒకే రకం. కాబట్టి కింద రాసినవి మీ చేతిలో ఉన్నదానికీ చాలావరకు వర్తిస్తాయి.

నా పని చిన్న విమానాలు నేర్పడం. రెండు సీట్లు, వంద గుర్రాల ఇంజను, గాలిని నొక్కి ఇంజనులోకి పంపే టర్బో లేదు. పొట్టి రన్‌వే, ఎండాకాలం మధ్యాహ్నం, పక్కన భారీ శాల్తీ ఉన్న విద్యార్థి, ట్యాంకు నిండా ఇంధనం. ఈ నాలుగూ ఒక్కరోజే కలిశాయంటే, ఎగిరే ముందు ఇవాళ్టి గాలి ఎంత పలచగా ఉందో తేల్చుకోవాలి. మరీ పలచగా ఉంటే ఇంధనం తగ్గించాలి, లేదంటే పాఠం సాయంత్రానికి మార్చాలి. నేను ఈ మీటరు వాడేది అందుకే.

డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రామాణిక వాతావరణం అని లోకమంతా ఒప్పుకున్న పట్టిక ఒకటుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, 1013.25 హెక్టోపాస్కల్స్ పీడనం, ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోలు. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకు దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది, గాలీ పలచబడుతుంది. మన రన్‌వే మీద ఇప్పుడున్న గాలి ఆ పట్టికలో ఏ ఎత్తు దగ్గరి గాలితో సమానంగా పలచగా ఉందో, ఆ ఎత్తే డెన్సిటీ ఆల్టిట్యూడ్. విమానం రెక్కకు మ్యాపులో రాసిన ఎత్తు తెలియదు, దానికి తెలిసింది ఈ ఎత్తే.

ఇక మీటరు సంగతి. అరచేతిలో ఇమిడిపోతుంది. పైభాగంలో గాలికి తిరిగే చిన్న పంకా, దాని కింద తెరిచి ఉన్న కిటికీలాంటి చోట సన్నటి తీగ చివర ఉష్ణోగ్రత కొలిచే పూసంత థర్మిస్టర్, పక్కనే తేమ సెన్సరు, లోపల పీడనం కొలిచే చిప్. గాలి వేగం, ఉష్ణోగ్రత, తేమ, మంచుబిందు ఉష్ణోగ్రత (గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో అది), పీడనం, డెన్సిటీ ఆల్టిట్యూడ్, ఒక్కోదానికి ఒక్కో తెర. పెట్టె మీద రాసిన కచ్చితత్వం: ఉష్ణోగ్రతలో అర డిగ్రీ, పీడనంలో ఒకటిన్నర హెక్టోపాస్కల్, తేమలో 2 శాతం. ఇవి చదివి చాలామంది పీడనం గురించి బెంగపెట్టుకుంటారు. అసలు బెంగపడాల్సింది ఉష్ణోగ్రత గురించి. ఎందుకో అంకెలతోనే చూద్దాం.

నేను ప్రతి మీటరునూ పరీక్షించే లెక్క ఒకటుంది. రన్‌వే ఎత్తు 1,970 అడుగులు. విమానాశ్రయం సముద్రమట్టానికి దించి ఇచ్చే పీడనం, అంటే క్యూఎన్‌హెచ్ 1006. ఉష్ణోగ్రత 38, మంచుబిందువు 20. తేమ శాతం చూస్తే 35 మాత్రమే, ఉక్కపోత అనిపించే రోజు కూడా కాదు. 1006కి ఆ ఎత్తులో రన్‌వే మీద నిజంగా ఉండే పీడనం 936 హెక్టోపాస్కల్స్ చిల్లర. ఆ పీడనంలో నీటి ఆవిరి వాటా సుమారు 23.4. ఈ రెండిటినీ ఉష్ణోగ్రతతో కలిపి వాయు సమీకరణంలో పెడితే గాలి సాంద్రత ఘనమీటరుకు 1.0385 కిలోలు. దాన్ని ఎత్తులోకి మారిస్తే 5,535 అడుగులు. ఆవిరిని పూర్తిగా వదిలేసి పొడి గాలి అనుకుంటే 5,220. రెండువేల అడుగుల లోపే ఉన్న రన్‌వే విమానానికి ఐదున్నర వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు అనిపిస్తుందన్నమాట.

ఇప్పుడు ఇదే లెక్కలో ఒక్కోదాన్నీ కొంచెం కదిపి చూడండి. పీడనం 1 హెక్టోపాస్కల్ తప్పితే జవాబు 35 అడుగులు తప్పుతుంది. తేమ 5 శాతం తప్పితే 45 అడుగుల లోపే. ఉష్ణోగ్రత 1 డిగ్రీ తప్పితే మాత్రం 105 అడుగులు. ఇక్కడ పెట్టె మీది అర డిగ్రీకి అర్థం లేదు. ఎందుకంటే ఆ అర డిగ్రీ అనేది సెన్సరుకి అంటుకున్న గాలిని అది ఎంత బాగా కొలుస్తుందో చెప్పే మాట. సెన్సరుకి అంటుకున్న గాలీ, రన్‌వే మీది గాలీ ఒకటేనా అన్నది మన బాధ్యత.

దీన్ని ఎండలో విమానం ముక్కు రేకు మీద ఉంచి చూశాను. తెర మీద ఉష్ణోగ్రత మెల్లగా ఎక్కుతూ పోయింది. నీడలో పట్టుకుని, చెయ్యి బారుగా చాపి, గాలికి ఎదురుగా ఊపితే మళ్లీ దిగడం మొదలైంది. రెండిటికీ మధ్య నాలుగు డిగ్రీల తేడా. అంటే 420 అడుగులు. గాలి లేని రోజు తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. మీటరుతో పాటు ఇచ్చిన తాడు అందుకు సరిపోతుంది, కానీ దాని కొక్కెం నాసిరకం. మొదటివారంలోనే తీసేసి గట్టిది కట్టాను. ఊపుతున్నప్పుడు మీటరు ఎగిరిపోతే దాని తప్పు కాదు కదా.

మా విద్యార్థి ఒకడు ఓ మధ్యాహ్నం మీటరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఇవాళ ఆరువేలు దాటింది, ఎగరొద్దా?"

"ఎక్కడ పెట్టావురా?"

"ముక్కు మీదే మేడమ్, మీరు వచ్చేదాకా."

మీటరులో 43 డిగ్రీలు ఉంది. ఆ ఉష్ణోగ్రతతో నా లెక్క వేస్తే 6,060 దగ్గర తేలుతుంది. నీడలోకి తీసుకెళ్లి ఊపి చూడమన్నాను. రెండు మూడు నిమిషాల్లో దిగింది.

ఇలా ఎక్కువ చూపించే తప్పు మనకు మేలే చేస్తుంది, మహా అయితే ఒక పాఠం వాయిదా పడుతుంది. తక్కువ చూపించే తప్పే ప్రమాదం. కారులో ఏసీ వేసుకుని వచ్చి, దిగీదిగగానే డోరు పక్కన నిలబడి మీటరు చూసేవాళ్లున్నారు. లోపలి ప్లాస్టిక్కూ సర్క్యూటూ ఇంకా చల్లగానే ఉంటాయి. తెర మీద 27 కనిపించిందనుకుందాం, నా లెక్కలో జవాబు 5,535 నుంచి 4,350కి పడిపోతుంది. దాదాపు 1,200 అడుగులు లెక్కలోంచి మాయం. పైగా చల్లటి సెన్సరు దగ్గర తేమ శాతం కూడా బాగా ఎక్కువ కనిపిస్తుంది, అదీ తప్పే. కాబట్టి కారు దిగాక మీటరును బయట నీడలో ఉంచి, ఉష్ణోగ్రత అంకె కదలడం ఆగేదాకా ఆగాలి. ఎంతసేపు ఆగాలో యూజర్ మాన్యువల్లో రాయలేదు. రాసి ఉండాల్సింది.

ఈ రెండు తప్పుల్నీ పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది మంచుబిందు తెర. మీటరు ఎండకు వేడెక్కితే ఉష్ణోగ్రత పెరుగుతుంది, తేమ శాతం దానికి తగ్గట్టు పడిపోతుంది, మంచుబిందువు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. గాలిలో ఉన్న ఆవిరి మారలేదు కాబట్టి. అందుకని నేను తేమ శాతం చూడను. దగ్గరి విమానాశ్రయం వాతావరణ నివేదిక అయిన మెటార్‌లో 38/20 అని ఉంటే, నా మీటరు మంచుబిందువు 20 దగ్గరే ఉందా లేదా అని చూస్తాను. అది కలిసి, ఉష్ణోగ్రత కలవలేదంటే మీటరు ఎక్కడో వేడెక్కిందనో చల్లబడిందనో అర్థం. అదీ కలవలేదంటే సెన్సరు మీద తేమ పట్టిందేమో, లేదా సెన్సరే చెడిందేమో చూసుకోవాలి. మెటార్‌లో ఉష్ణోగ్రతలు పూర్ణాంకాల్లోనే ఉంటాయి కాబట్టి అర డిగ్రీ అటూఇటూ పట్టించుకోనక్కర్లేదు, 50 అడుగుల సంగతి.

తేమ సెన్సరుకు ఉప్పు పరీక్ష చేశాను. చిన్న గిన్నెలో మామూలు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత మాత్రమే నీళ్లు కలిపి, గిన్నెనూ మీటరునూ జిప్ ఉన్న సంచిలో పెట్టి మూసెయ్యాలి. ఉప్పు మీటరుకు తగలకూడదు. కొన్ని గంటల పాటు గది ఉష్ణోగ్రతలో కదపకుండా వదిలేస్తే లోపలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఇది ఉప్పు గుణం, ఏ కంపెనీ ఉప్పైనా ఒకటే. నా మీటరు 77 చూపించింది. రెండు శాతం ఎక్కువ, పెట్టె మీది హామీకి సరిగ్గా అంచున ఉంది. డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో అది 20 అడుగులు కూడా కాదు కాబట్టి వదిలేశాను. సరిదిద్దుకునే మెనూ ఉంది కానీ ఎంత లోతున దాచారంటే, అసలు ముట్టుకోవద్దనే ఉద్దేశంతోనే దాచారేమో అనిపిస్తుంది.

పీడనం విషయంలో మీటరుకు పూర్తి మార్కులు. అయితే ఇక్కడే జనం అన్నిటికంటే పెద్ద గొయ్యిలో పడతారు, ఇది మీటరు లేకుండా ఫోనులో లెక్క వేసేవాళ్ల గొయ్యి. వాతావరణ వార్తల్లో, యాప్‌లలో కనిపించే పీడనం మీరు నిలబడ్డ చోటి పీడనం కాదు. దాన్ని సముద్రమట్టానికి దించి చెబుతారు. విమానాశ్రయం చెప్పే క్యూఎన్‌హెచ్ కూడా అలా దించినదే, కాకపోతే ప్రామాణిక వాతావరణం ప్రకారం దించుతారు. వాతావరణ కార్యాలయాలు సముద్రమట్ట పీడనానికి నిజమైన ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకుంటాయి, అందుకే ఆ రెండూ కూడా ఒకటి కావు. డెన్సిటీ ఆల్టిట్యూడ్‌కి కావలసింది ఇవేవీ కాదు, మీ కాళ్ల దగ్గర గాలి నిజంగా ఎంత నొక్కుతోందో అది. నా లెక్కలో 936 ఉండాల్సిన చోట 1006 పెట్టి చూడండి. జవాబు 3,136 అడుగులు వస్తుంది. నిజం 5,535. ఒక్క గడిలో తప్పు రకం పీడనం వేసినందుకు 2,400 అడుగుల గాలి చిక్కబడిపోయింది, అదీ ప్రమాదం వైపే. ఉచితంగా దొరికే ఒక ఫోను యాప్‌లో ఆ గడికి "పీడనం" అని మాత్రమే రాసి ఉంది. ఏ పీడనమో చెప్పలేదు. ఆ యాప్ తీసేశాను.

మీటరు నిలబడ్డ చోటి పీడనాన్నే నేరుగా కొలుస్తుంది కాబట్టి ఈ గొడవ లేదు. అయితే బారోమీటరు తెరకు విడిగా ఒక రిఫరెన్స్ ఎత్తు పెట్టుకునే వీలుంది, అది పెడితే ఆ తెర మీద సముద్రమట్టానికి దించిన అంకె కనబడుతుంది. డెన్సిటీ ఆల్టిట్యూడ్ తెర దాన్ని పట్టించుకోదు. ఎత్తును కావాలని తప్పుగా పెట్టి చూశాను, డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంగుళం కదల్లేదు. ఈ ఒక్క విషయానికే డిజైన్ చేసినవాళ్లకు దండం పెట్టాలి.

పీడనం సెన్సరు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే రన్‌వే ఎత్తు తెలిసిన చోట, విమానాశ్రయం క్యూఎన్‌హెచ్ తీసుకుని, దాన్ని ఆ ఎత్తుకి ఎక్కించి పోల్చాలి. ఇంకా సులువైన పని, విమానంలోనే ఎత్తు చూపే అల్టీమీటరు ఉంది కదా. దాని పీడనం కిటికీలో 1013 పెడితే ప్రెషర్ ఆల్టిట్యూడ్ (ఇక్కడి పీడనం ప్రామాణిక పట్టికలో ఏ ఎత్తుకు చెందిందో ఆ ఎత్తు) చూపిస్తుంది. నా రోజుకి అది 2,170 అడుగులు. మీటరు చెప్పే పీడనం దానికి తగ్గట్టు ఉంటే చాలు.

ఈ మీటరు లేకుండా పని జరగదా అంటే జరుగుతుంది. ప్రతి పైలట్‌కీ తెలిసిన బండలెక్క ఒకటుంది: ప్రెషర్ ఆల్టిట్యూడ్ తీసుకో, ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ఇవాళ ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో చూడు, డిగ్రీకి 120 అడుగులు కలుపు. 2,170 అడుగుల దగ్గర ప్రామాణికం 10.7 డిగ్రీలు, మనది 38, తేడా 27.3. 120కి బదులు కాస్త నికరంగా 118.8 వేసుకున్నా 5,410 వస్తుంది. నిజానికి 125 అడుగులే తక్కువ, బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ అది ఎలా బాగుందో చూడండి. బండలెక్క తేమను అసలు పట్టించుకోదు, అక్కడ 300 అడుగుల పైచిలుకు పోయింది. ఇంత వేడిలో డిగ్రీకి 118.8 అనేది కొంచెం ఎక్కువ, అక్కడ 190 దాకా తిరిగొచ్చింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి మింగేశాయి, అంతే. పొడి ఎండల్లో ఇదే లెక్క ఎక్కువ చూపిస్తుంది. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీలు, గాలి నిండా తేమ, పీడనం 1013 ఉన్న రోజున బండలెక్క 1,780 అంటుంది, అసలు విలువ 2,260. ఉక్కపోత రోజుల్లో మోసపోతాం.

పైలట్లు లెక్కలు వేసుకునే గుండ్రటి ఈ6బీ స్లైడ్ రూల్ ఇంకా నా సంచిలోనే ఉంది. 1930లలో ఫిలిప్ డాల్టన్ అనే అమెరికన్ నౌకాదళ అధికారి పనితనం అది, బ్యాటరీ అక్కర్లేదు. కిటికీలో ప్రెషర్ ఆల్టిట్యూడ్‌కి ఎదురుగా ఉష్ణోగ్రత తిప్పితే 5,200 దగ్గర ఆగుతుంది. పొడి గాలికి అది సరైన జవాబే. తేమకు దాంట్లో చోటు లేదు. విద్యార్థులకు మొదట దీంతోనే నేర్పిస్తాను, మీటరు తరవాత. చక్రం తిప్పినప్పుడు దేనికి ఏది కదులుతోందో వేళ్లకు తెలుస్తుంది. మీటరు జవాబు మాత్రమే ఇస్తుంది.

మీటరు అంకె చేతికి వచ్చాక చేసే పొరపాటు ఇంకొకటుంది, ఇది కూడా చాలామంది దగ్గర చూశాను. విమానం హ్యాండ్‌బుక్‌లో టేకాఫ్ దూరం పట్టికలు ప్రెషర్ ఆల్టిట్యూడ్, ఉష్ణోగ్రత అనే రెండిటితో ఉంటాయి. కొందరు ప్రెషర్ ఆల్టిట్యూడ్ గడిలో మీటరు ఇచ్చిన 5,535 పెట్టి, మళ్లీ ఉష్ణోగ్రత దగ్గర 38 పెడతారు. ఎండను రెండుసార్లు లెక్కగట్టారన్నమాట. అలా చూస్తే తొమ్మిదివేల అడుగులు దాటిన చోటి దూరం వస్తుంది, ఏ విమానమూ లేవదనిపిస్తుంది. పట్టికలోకి వెళ్లాలంటే 2,170 అడుగులు, 38 డిగ్రీలు వెయ్యాలి. మరి తేమ? పట్టిక దాన్ని లెక్కలోకి తీసుకోదు. అక్కడే మీటరు పనికొస్తుంది. 5,535 అడుగుల వరుసలో, ఆ ఎత్తుకు ప్రామాణికమైన 4 డిగ్రీల దగ్గర ఉన్న దూరం చదవండి. రెండు జవాబుల్లో పెద్దది తీసుకుంటాను నేను.

ఆ దూరం ఎందుకు పెరుగుతుందో విద్యార్థికి ఒక్క అంకెతో చెబుతాను. మామూలుగా 55 నాట్ల దగ్గర లేచే విమానం ఆ రోజూ ఎయిర్‌స్పీడ్ ఇండికేటరు (గాలితో పోల్చి వేగం చూపేది) మీద 55 దగ్గరే లేస్తుంది. కానీ సాంద్రత ప్రామాణికంలో 85 శాతమే ఉంది కాబట్టి నేల మీద నిజంగా పరిగెత్తే వేగం దాదాపు 60. కొత్తవాళ్లు కిటికీలోంచి నేల చూసి, ఇంత స్పీడు వచ్చేసింది కదా అని ముందే ముక్కు లేపుతారు. చూడాల్సింది నేలను కాదు, ఎయిర్‌స్పీడ్ ఇండికేటరును.

ఇప్పుడు నాకు ఈ మీటరు మీదున్న అసలు ఫిర్యాదు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ రెక్కకు సరైన అంకె, ఇంజనుకు కాదు. నీటి ఆవిరి పొడి గాలి కంటే తేలిక. అణుభారం 18, గాలి సగటు 29. కాబట్టి ఆవిరి కలిస్తే గాలి కొంచెమే తేలికవుతుంది. మన రోజున ఆ తగ్గుదల 1 శాతం లోపే, రెక్క పోగొట్టుకున్నది అంతే. ఇంజను సంగతి వేరు. దానికి కావలసింది ఆక్సిజన్. సిలిండరులో ఆవిరి ఆక్రమించిన చోటల్లా పొడి గాలి లేని చోటే. 936లో 23.4 ఆవిరి అంటే రెండున్నర శాతం ఆక్సిజన్ తక్కువ. రెక్కకు 1, ఇంజనుకు 2.5. మీటరు ఈ రెండిటినీ ఒక్క అంకెలో కలిపేసి, రెక్క లెక్కే ఇంజనుకూ చెబుతుంది. డ్రాగ్ రేసుల బళ్లు ట్యూన్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎస్‌ఏఈ జె1349 అనే, వాహన ఇంజనీర్ల సంఘం ఇంజను శక్తికి ఇచ్చిన సవరణ సూత్రం 25 డిగ్రీలు, 990 హెక్టోపాస్కల్స్ పొడి గాలి పీడనం ఆధారంగా లెక్క కడుతుంది, అందులో ఆవిరిని ముందే తీసేస్తారు. మన రోజుకి ఆ సూత్రం వేస్తే పొడి పీడనం 913, సవరణ 1.127 వస్తుంది. మీటరులో ఆ తెర లేదు. తేమ, పీడనం, ఉష్ణోగ్రత మూడూ లోపలే ఉన్నాయి, ఒక తెర చేర్చడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

అదీగాక సాంద్రత తగ్గినంతే ఇంజను శక్తి తగ్గుతుందనుకోవడం కూడా పొరపాటే. టర్బో లేని ఇంజనులో ఘర్షణకూ, దాన్ని అది తిప్పుకోవడానికీ పోయే శక్తి గాలి పలచబడ్డా తగ్గదు. సాంద్రత 85 శాతం ఉన్నప్పుడు శక్తి 83 శాతం దగ్గర ఉంటుంది. తేమ వాటా దాని మీద అదనం. నా వంద గుర్రాల్లో ఎనభై పైచిలుకే పనిలోకొచ్చాయన్నమాట.

మిగతావి త్వరగా. తెర ఎండలో బాగా కనిపిస్తుంది, రాత్రి వెలుతురు ఎక్కువై కళ్లు చెదురుతాయి, తగ్గించే వీలు లేదు. మామూలు ఏఏ బ్యాటరీ ఒకటి చాలు. వాడనప్పుడు తీసేస్తే మంచిది, కారితే లోపలి స్ప్రింగు పాడవుతుంది. బటన్లు గ్లవ్స్‌తో నొక్కొచ్చు. పంకా ఇరుసులో ఇసుక చేరితే గాలి వేగం తక్కువ చూపిస్తుంది. చిన్న విమానానికి ఎదురుగాలి ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు కాబట్టి దుమ్ము రోజుల తరవాత నోటితో ఊది, వేలితో తిప్పి చూడండి. గరగరలాడితే పంకా ముక్క మార్చాలి, అది విడిగా దొరుకుతుంది, చేత్తో తీసి పెట్టేయొచ్చు. ఫోనుకి కలిపే యాప్ ఉంది. అంకెలన్నీ సమయంతో సహా దాచుకుంటుంది, కానీ ప్రతిసారీ లాగిన్ అడుగుతుంది. రన్‌వే పక్కన నిలబడి పాస్‌వర్డ్ కొట్టే ఓపిక నాకు లేదు.

ఫోనులోని బారోమీటరుతో ఇదంతా చెయ్యలేమా అని అడుగుతారు. పీడనం వరకు చెయ్యొచ్చు, చాలా ఫోన్లలో ఆ చిప్ బాగానే ఉంటుంది. బయటి గాలి ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు మాత్రం మామూలు ఫోనులో ఉండదు. యాప్ చూపించే ఉష్ణోగ్రత ఎక్కడి స్టేషన్‌దో, ఏ అంచనా లెక్కదో. డిగ్రీకి 105 అడుగులు పోయే చోట అది అరువు తెచ్చుకున్న అంకె.

ఎవరు కొనాలంటే: మెటార్ ఇచ్చే విమానాశ్రయం లేని ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎగిరేవాళ్లు, ఎత్తయిన చోట్ల పెద్ద బరువుల డ్రోన్లు ఎగరేసేవాళ్లు, దూరపు లక్ష్యాల షూటింగ్‌లో బుల్లెట్ దారి లెక్కగట్టేవాళ్లు. వీళ్లకు ఇది పనిముట్టే. రేసు బళ్లవాళ్లు కొంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ తెర కోసం కాకుండా మిగతా మూడు అంకెల కోసం కొని, సవరణ తామే వేసుకోవాలి. మెటార్ అరగంటకోసారి వచ్చే విమానాశ్రయం నుంచే ఎగిరే విద్యార్థులకు ఇప్పుడే అక్కర్లేదు. ఈ6బీ, హ్యాండ్‌బుక్, అల్టీమీటరు చాలు. ఉక్కపోత రోజున తేమకు ఇంకో 500 అడుగులు చేర్చుకోమని మాత్రం చెబుతాను.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. ఇంజను తెర పెట్టి, కొక్కెం మార్చి, ఎంతసేపు నీడలో ఆగాలో మాన్యువల్లో ఒక్క వాక్యం రాస్తే ఆ మిగిలిన ఒకటి కూడా ఇచ్చేస్తాను.